ముత్తాత పేరులో ఒక్క అక్షరం

ఇటలీ పౌరసత్వం గురించి తెలుగు మ్యాగజైన్‌లో ఎందుకురా అని మా రూమ్మేట్ ఆల్రెడీ అడిగేశాడు. మీరూ అడుగుతారని తెలుసు. నా సమాధానం మూడు ముక్కలు: స్లాట్, నేమ్ మిస్‌మ్యాచ్, కన్సల్టెన్సీ. ఈ మూడూ తెలియని ఇంజనీరింగ్ స్టూడెంట్ మన రెండు రాష్ట్రాల్లో ఎవరైనా ఉన్నారా? సరిగ్గా ఈ మూడింటితోనే బ్రెజిల్‌లో, అర్జెంటీనాలో, అమెరికాలో లక్షల మంది ఏళ్ళ తరబడి కుస్తీ పడుతున్నారు. మనం ముందుకి వెళ్ళడానికి వీసా కోసం నిలబడితే, వాళ్ళు వెనక్కి, తమ ముత్తాత వదిలేసి వచ్చిన ఊరి పౌరసత్వం కోసం నిలబడ్డారు. లైన్ మాత్రం ఒకలాంటిదే.

నాకు దీంతో పరిచయం ఎలాగంటే, ఫస్టియర్ అయ్యాక సీనియర్ ఒకన్న ద్వారా ఒక రిమోట్ పని దొరికింది. ఇటాలియన్ మూలాలున్న వాళ్ళకి పేపర్లు వెతికి, అప్లికేషన్ తయారు చేసి పెట్టే చిన్న కంపెనీ. పేరు చెప్పను. స్కాన్ చేసిన జనన, వివాహ, మరణ రికార్డుల్లో పేర్లు, తేదీలు షీట్‌లోకి ఎక్కించాలి, ఎక్కడ తేడా ఉందో పైథాన్ స్క్రిప్ట్‌తో పట్టుకోవాలి. అంతే నా పని. పది నెలలు చేశాను. ఆ పది నెలల్లో నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. అది చెప్పడానికే ఈ వ్యాసం. (నా తెలుగు పదో తరగతి దాకా సెకండ్ లాంగ్వేజే. అక్షరదోషాలు ఎడిటర్ అక్క దిద్దుతుంది.)

ముందు రూలు చెప్తాను. లాటిన్‌లో 'యూరే సాంగ్వినిస్' అంటారు, రక్తాన్ని బట్టి వచ్చే హక్కు అని అర్థం. ఇటలీ ఒక రాజ్యంగా ఏర్పడింది 1861 మార్చి 17న. ఆ తర్వాత ఇటాలియన్‌గా ఉన్న మనిషి ఎక్కడికి వెళ్ళినా అతని పిల్లలు ఇటాలియన్లే, వాళ్ళ పిల్లలూ ఇటాలియన్లే. ఎన్ని తరాలైనా సరే, మొన్నటిదాకా లిమిట్ లేదు. భాష రావాలని లేదు, ఒక్కసారైనా ఇటలీలో అడుగు పెట్టాలని కూడా లేదు. ఇందులో నాకు బాగా నచ్చిన పాయింట్ ఏంటంటే, ఇటలీ వీళ్ళకి పౌరసత్వం 'ఇవ్వదు'. 'గుర్తిస్తుంది'. అంటే నువ్వు పుట్టినప్పటి నుంచే ఇటాలియన్‌వి, మేం ఇప్పుడు చూసుకున్నాం అన్నట్టు.

ఇంత ఉదారంగా ఎందుకు రాసుకున్నారంటే, అది జనం వెళ్ళిపోతున్న దేశం. 1876 తర్వాతి వందేళ్ళలో సుమారు 2.6 కోట్ల మంది ఇటలీ వదిలి వెళ్ళారు. ఒక దేశం నుంచి ఇంతమంది బయటికి పోతుంటే ఆ దేశం ఏం చేస్తుంది? తాడు తెగకుండా చూసుకుంటుంది. 1912 నాటి పౌరసత్వ చట్టం ఆ తాడు, 1992 చట్టం దాన్నే కొనసాగించింది.

సీఎస్ఈ వాళ్ళకి ఇది లింక్డ్ లిస్ట్ అని చెప్తే చాలు. మొదటి నోడ్ ఇటలీలో పుట్టిన పూర్వీకుడు, చివరి నోడ్ నువ్వు. మధ్యలో ఏ ఒక్క లింకు తెగినా అటువైపు వాళ్ళు లేనట్టే. లింకు ఎలా తెగుతుందంటే, ఆ పెద్దాయన తన కొడుకు పుట్టకముందే అమెరికా పౌరుడిగా మారిపోయి ఉంటే. కొడుకు పుట్టాక మారితే లింకు ఉన్నట్టే అని చాలాకాలం లెక్కవేశారు. 2024 అక్టోబర్ 3న అక్కడి హోం శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది: కొడుకు మైనర్‌గా ఉండగా తండ్రి మారినా లింకు తెగినట్టే అని. ఆ వారం మా షీట్‌లో ఎర్ర రంగు వేసిన అమెరికా ఫైళ్ళు ఎన్నో నాకే గుర్తులేదు.

అసలు కష్టం ఇక్కడుంది. ఉన్నదాన్ని నిరూపించడం తేలిక, లేనిదాన్ని నిరూపించడమే కష్టం. మా ముత్తాత అమెరికా పౌరుడు అయ్యాడు అనడానికి సర్టిఫికెట్ ఉంటుంది. అవ్వలేదు అనడానికి? దానికీ ఒకటి ఉంది. ఫలానా మనిషి పేరు మీద మా దగ్గర ఏ రికార్డూ లేదు అని అమెరికా ఇమిగ్రేషన్ శాఖే రాసిస్తుంది. బ్రెజిల్‌లో అలాంటిది న్యాయశాఖ ఇస్తుంది, అర్జెంటీనాలో అయితే ఎన్నికల న్యాయస్థానం ఇస్తుంది. ఈ 'లేదు' సర్టిఫికెట్ కోసం అప్లై చేసేటప్పుడు ఆ పెద్దాయన ఎన్ని రకాలుగా పిలవబడ్డాడో, ఎన్ని స్పెల్లింగులున్నాయో అన్నీ రాయాలి. ఒక్క స్పెల్లింగ్ మర్చిపోతే, ఆ పేరు మీద కూడా వెతికి రండి అని వెనక్కి పంపుతారు. డేటాబేస్‌లో నల్ వచ్చిందని ప్రూఫ్ అడిగితే, క్వెరీ సరిగ్గా రాశావా లేదా అని అడుగుతున్నారన్నమాట. లాజిక్ కరెక్టే. కానీ 1890లో ఓడ దిగిన చదువురాని రైతు తన పేరు ఎన్ని స్పెల్లింగులతో రాయించుకున్నాడో ఇప్పుడు ఎవరికి తెలుసు?

పేర్ల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. జుసెప్పె అమెరికాలో జోసెఫ్ అవుతాడు, బ్రెజిల్‌లో జోసే అవుతాడు. అది ఊహించొచ్చు. విన్చెంజో అనే అతను అమెరికాలో జేమ్స్ అయిపోవడం మాత్రం నాకు మొదట్లో అర్థం కాలేదు. స్క్రిప్ట్ రెండు వేరే మనుషులని ఫ్లాగ్ చేసింది, టీం లీడ్ మాత్రం ఇది చాలా మామూలు అని కొట్టేశాడు. ఇంకో విషయం, ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్లు పేర్లు మార్చేశారు అని అమెరికాలో ప్రతి ఇంట్లో ఒక కథ ఉంటుంది. అది నిజం కాదు. అక్కడివాళ్ళు ఓడ కంపెనీ రాసుకొచ్చిన లిస్టు చూసి టిక్ పెట్టేవాళ్ళంతే. పేర్లు తర్వాత మారాయి. స్కూల్లో టీచర్, ఫ్యాక్టరీలో మేస్త్రీ, చర్చిలో ఫాదర్, ఒక్కోసారి ఆ మనిషే, ఎవరికి నోరు తిరిగినట్టు వాళ్ళు రాశారు.

ఇది చదువుతూ మీలో సగం మంది సొంత ఎస్సెస్సీ మెమో గుర్తు చేసుకుంటారని నాకు తెలుసు. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక. ఆధార్‌లో ఇనీషియల్, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా. మన సీనియర్లలో కొందరికి అమెరికా వీసా మీద ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని ప్రింట్ అయింది, ఎందుకంటే పాస్‌పోర్ట్‌లో మొత్తం పేరు ఒకే గడిలో పడింది. వాళ్ళు అక్కడ బ్యాంకు అకౌంట్ దగ్గర్నుంచి అన్నిచోట్లా అదే పేరుతో తిరుగుతారు. నూరేళ్ళ తర్వాత వాళ్ళ మునిమనవరాలు ఎవరైనా మన ఊళ్ళకి వచ్చి, ఈ 'అన్‌నోన్' గారి జనన రికార్డు కావాలి అంటే మనవాళ్ళు ఏం చెప్తారో ఆలోచించండి.

ఒక్క మంచి మాట. ఇటలీ వాళ్ళ రికార్డులు అద్భుతం. దక్షిణాన నేపుల్స్ ప్రాంతంలో 1809 నుంచే సివిల్ రిజిస్టర్లు ఉన్నాయి. తేదీ అంకెల్లో కాదు, అక్షరాల్లో వాక్యంగా రాస్తారు: ఏడాది, రోజు, గంట, ఎవరు బిడ్డను తెచ్చి చూపించారు, ఆయన వృత్తి, సాక్షులు ఎవరు. ఆ పుటలు చాలావరకు స్కాన్ చేసి 'అంతెనాతి' అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా పెట్టారు. పూర్వీకులు అని ఆ మాటకి అర్థం. నేను ఇటాలియన్ ఆ పుటల్లోనే కొంచెం నేర్చుకున్నాను. రైతు, చెప్పులు కుట్టేవాడు, నేతగాడు అనే మాటలు వచ్చేశాయి, హోటల్లో నీళ్ళు అడగడం మాత్రం ఇప్పటికీ రాదు. చేతిరాత చదవడానికి ఏఐ టూల్స్ వాడి చూశాం. బాగానే చదువుతాయి, కానీ చదవలేని చోట ఆగవు, ఎంతో నమ్మకంగా ఇంకో ఇంటిపేరు రాసేస్తాయి. ఒక్క అక్షరంతో ఫైలు పోయే పనిలో అది ప్రమాదం.

ఆడవాళ్ళ లింకు గురించి వేరేగా చెప్పాలి. 1912 చట్టం ప్రకారం పౌరసత్వం తండ్రి నుంచే వస్తుంది. ఇటాలియన్ స్త్రీ విదేశీయుడిని పెళ్ళి చేసుకుని అతని పౌరసత్వం పొందితే తన పౌరసత్వం పోతుంది. 1983లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తల్లి కూడా పౌరసత్వం ఇవ్వగలదు అని తీర్పు చెప్పింది. అయితే ప్రభుత్వం ఏమందంటే, రాజ్యాంగం అమల్లోకి వచ్చింది 1948 జనవరి 1న, కాబట్టి ఆ తేదీ తర్వాత పుట్టిన పిల్లలకే ఇది వర్తిస్తుంది అని. 1947 డిసెంబర్‌లో పుట్టిన కొడుక్కి అమ్మ నుంచి రాదు, 1948 జనవరిలో పుట్టిన తమ్ముడికి వస్తుంది. ఒకే అమ్మ! 2009లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఇది తప్పు అని తేల్చాక కూడా కాన్సులేట్లు మారలేదు, అలాంటివాళ్ళు కోర్టుకెళ్ళాల్సిందే. ఈ కేసులకి పేరే '1948 కేసులు'. మన దగ్గర ఇలాంటి చట్టం లేదని మురిసిపోకండి. మా నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు మా ఇంట్లో ఏ కాగితం మీదా లేదు, నేను అడిగితేనే తెలిసింది. ఇటలీలో ఆడవాళ్ళు పెళ్ళయినా పుట్టింటి పేరుతోనే రికార్డుల్లో ఉంటారు. అందుకే వాళ్ళ చెట్టు వెతకడం మన చెట్టు వెతకడం కన్నా తేలిక అని నా అనుభవం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సాయం. ఇన్ని మెలికలు ఉన్న పనిలో ఎవరో ఒకరి సాయం లేకుండా సామాన్యుడు బయటపడలేడు. ఆ సాయం దొరికే చోట్లు చాలానే ఉన్నాయి. తమ పని అయిపోయాక వేరేవాళ్ళ పేపర్లు ఊరికే చూసి చెప్పేవాళ్ళు ఉన్నారు, అరవై ఏళ్ళు దాటిన రిటైర్డ్ మనుషులు రాత్రిళ్ళు కూర్చుని ముక్కూ మొహం తెలియనివాడి కోసం పాత రిజిస్టర్లు తిరగేస్తారు. లాయర్లు ఉన్నారు, రికార్డులు వెతికే వృత్తి పరిశోధకులు ఉన్నారు, మా కంపెనీ లాంటి ప్యాకేజీ వాళ్ళు ఉన్నారు. ప్యాకేజీ అంటే వేల యూరోల్లో ఉంటుంది.

వీళ్ళలో మంచివాళ్ళని పట్టుకోవడానికి నాకు ఒక్క పరీక్ష తెలుసు. మొదటి రోజు వాళ్ళు ఏం అడుగుతారో చూడాలి. మంచివాడు మొదట అడిగేది, మీ ముత్తాత ఎప్పుడు ఆ దేశ పౌరుడు అయ్యాడు, అయ్యాడా లేదా, ముందు ఆ ఒక్క కాగితం తెప్పించుకోండి, అది చూశాకే మిగతావి అని. ఎందుకంటే ఆ ఒక్క తేదీతో కేసు ఉందో లేదో తేలిపోతుంది. అంటే మంచి సాయం తరచుగా 'మీకు కుదరదండి' అనే మాటతో మొదలై అక్కడే అయిపోతుంది, ఫీజు లేకుండా. ఇంకో రకం వాడు ముందు మీ నుంచి మీ దాకా ఉన్న జనన సర్టిఫికెట్లన్నీ తెప్పిద్దాం, అపోస్టిల్ వేయిద్దాం, అనువాదాలు చేయిద్దాం అంటాడు. ప్రతిదానికీ ఒక ఫీజు. అన్నీ అయ్యాక, అయ్యో లింకు తెగిందండి అంటాడు. మా కంపెనీలో రెండో రకం పద్ధతే నడిచేది. ఆ తేదీ నా షీట్‌లో పదిహేడో కాలమ్. అది మొదటి కాలమ్ చేద్దాం అని నేను ఒకసారి మెయిల్ పెట్టాను. నోటెడ్ అని రిప్లై వచ్చింది. కాలమ్ మారలేదు.

కన్సల్టెన్సీలు మోసం అని ఊరికే తిట్టేయడం సులువు. నేనలా అనను. ఆ వ్యాపారం ఎక్కడ పుట్టిందో చూస్తే, అది ఆఫీసు కిటికీ దగ్గరే పుట్టింది. కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ కావాలంటే 'ప్రెనోతామి' అనే సైట్‌లో బుక్ చేసుకోవాలి. చాలాచోట్ల రోమ్ టైం ప్రకారం అర్ధరాత్రి స్లాట్లు తెరుచుకుంటాయి, సెకన్లలో అయిపోతాయి. మనిషి క్లిక్ చేసేలోపు బాట్ పట్టేస్తుంది, ఆ బాట్ ఉన్నవాడు స్లాట్ అమ్ముతాడు. ఇది మనకి కొత్త కాదు. 2025 మార్చి 26న ఢిల్లీలో అమెరికా ఎంబసీ బాట్లు బుక్ చేసిన సుమారు 2000 వీసా అపాయింట్‌మెంట్లు రద్దు చేస్తున్నామని ప్రకటించింది. మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు వేరే టాపిక్ లేదు. రెండు రోజుల తర్వాత ఇటలీ వార్త వచ్చింది, అది మాత్రం మా ఫ్లోర్‌లో నేనొక్కడినే చదివాను.

2025 మార్చి 28, శుక్రవారం. విదేశాంగ మంత్రి అంతోనియో తయాని ప్రెస్ ముందుకి వచ్చి, తరాల లిమిట్ పెడుతూ డిక్రీ తెచ్చామని చెప్పాడు. మే నెలలో పార్లమెంటు దాన్ని 74వ నంబరు చట్టంగా ఆమోదించింది. ఇప్పుడు రూలు ఏంటంటే, విదేశంలో పుట్టి వేరే పౌరసత్వం ఉన్నవాళ్ళకి తల్లో తండ్రో, తాతో అమ్మమ్మో ఎవరో ఒకరు ఇటలీ పౌరసత్వం మాత్రమే ఉన్నవాళ్ళై ఉండాలి. 'మాత్రమే' అన్న మాట గమనించండి. తాత ఇటలీలోనే పుట్టినా, తర్వాత అమెరికా పౌరుడు కూడా అయ్యి చనిపోతే ఆయన లెక్కలోకి రాడు. లేదంటే తల్లి గానీ తండ్రి గానీ ఇటలీ పౌరులై, బిడ్డ పుట్టకముందు వరసగా రెండేళ్ళు ఇటలీలో ఉండి ఉండాలి. ముత్తాతలు మొత్తం అవుట్.

మరి ఆల్రెడీ అప్లై చేసినవాళ్ళు? 2025 మార్చి 27 రాత్రి 23:59, రోమ్ సమయం. ఆలోపు అప్లికేషన్ వేసినవాళ్ళకి, కోర్టులో కేసు వేసినవాళ్ళకి, అపాయింట్‌మెంట్ తేదీ చేతికి వచ్చినవాళ్ళకి పాత రూలు. మిగతా అందరికీ కొత్త రూలు. మనకి అసైన్‌మెంట్ డెడ్‌లైన్ కూడా 11:59కే కదా. తేడా ఏంటంటే మనకి ఆ డెడ్‌లైన్ ముందు చెప్తారు. వీళ్ళకి డెడ్‌లైన్ అయిపోయిన మర్నాడు చెప్పారు.

నా అసలు అభ్యంతరం తరాల లిమిట్ మీద కాదు. లిమిట్ పెట్టడానికి కారణాలున్నాయి. అక్కడి విదేశాంగ శాఖ లెక్కల్లో విదేశాల్లో ఉన్న ఇటలీ పౌరులు 2014లో సుమారు 46 లక్షలు, 2024 చివరికి 64 లక్షలు. అర్జెంటీనాలో గుర్తింపులు 2023లో సుమారు 20,000 అయితే 2024లో 30,000. వెనెతో ప్రాంతంలో వాల్ ది జోల్దో అనే చిన్న కొండ ఊరు ఉంది. బ్రెజిల్ నుంచి వచ్చే దరఖాస్తులతో ఆఫీసు మునిగిపోయి, అక్కడి మేయర్ నిరసనగా పంచాయతీ భవనానికి బ్రెజిల్ జెండా కట్టాడు. ఊళ్ళో పుట్టిన బిడ్డకి సర్టిఫికెట్ రాసే గుమస్తా, నూట ముప్ఫై ఏళ్ళ కింద వెళ్ళిపోయినవాడి మునిమనవలకి సమాధానాలు రాస్తూ కూర్చుంటే ఆ ఊరివాళ్ళకి కోపం రాదా?

ఇంకా గట్టి కారణం ఒకటుంది, అది మనకి దగ్గరది. ఉత్తర ఇటలీలో పో నది మైదానంలో, పర్మిజానో, గ్రానా పదానో చీజ్ తయారయ్యే ప్రాంతంలో పశువుల పాకల్లో పనిచేసే వాళ్ళలో పంజాబీలు చాలామంది. వాళ్ళ పిల్లలు అక్కడే పుడతారు, అక్కడి యాసలోనే మాట్లాడతారు, అక్కడి స్కూల్లోనే చదువుతారు. అయినా పుట్టుకతో ఇటాలియన్లు కారు. పద్దెనిమిదేళ్ళు ఆగకుండా అక్కడే చట్టబద్ధంగా ఉండి, పద్దెనిమిది నిండిన ఏడాదిలోపు వెళ్ళి అడగాలి. 2024 డిసెంబర్‌లో అర్జెంటీనా అధ్యక్షుడు హవియర్ మిలేకి పూర్వీకుల లెక్కన ఇటలీ పౌరసత్వం ఇచ్చినప్పుడు అక్కడ గొడవ అయింది ఈ పిల్లల గురించే. పోనీ ముత్తాత దారి మూసినప్పుడు ఈ పిల్లల దారి తెరిచారా? లేదు. విదేశీయులు పదేళ్ళకి బదులు అయిదేళ్ళు నివసిస్తే చాలు అప్లై చేసుకోవచ్చు అనే ప్రతిపాదన మీద 2025 జూన్ 8, 9 తేదీల్లో రెఫరెండం పెట్టారు. చెల్లాలంటే సగం మందికి పైగా ఓటెయ్యాలి, సుమారు 30 శాతమే వచ్చారు. అంతటితో అయిపోయింది. రక్తం రూలు తగ్గించి పుట్టుక రూలు పెంచి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాడిని. ఒకటి మాత్రమే చేశారు.

నా అభ్యంతరం ఆ 23:59 మీద. బ్రెజిల్‌లో సావో పాలో కాన్సులేట్ క్యూ పదేళ్ళకి పైగా ఉండేదని అందరికీ తెలిసిందే. ఆ క్యూలో పేరు రాసుకుని, ఇంకా తేదీ రానివాళ్ళు కొత్త రూలు కిందికి పోయారు. అంటే ఇదే ప్రభుత్వం ఏళ్ళ తరబడి స్లాట్ ఇవ్వలేదు, చివరికి నీకు స్లాట్ లేదు కాబట్టి నీకు హక్కు లేదు అంది. ఇంకా దారుణం ఏంటంటే, ఇంతకాలం క్యూలో నిలబెట్టడం అంటే హక్కు నిరాకరించినట్టే అని ఇటలీ కోర్టులు ఒప్పుకునేవి. డబ్బున్నవాళ్ళు లాయర్‌ని పెట్టుకుని క్యూ దాటి నేరుగా కోర్టుకి వెళ్ళేవాళ్ళు. ఒక్క వెనిస్ కోర్టే ఇలాంటి బ్రెజిల్ కేసులతో నిండిపోయింది. వాళ్ళ కేసులు 27లోపు ఉన్నాయి కాబట్టి భద్రం. మొత్తం మీద సాయం కొనుక్కున్నవాళ్ళు నిలబడ్డారు, ప్రభుత్వం చెప్పిన లైన్లో బుద్ధిగా నిలబడ్డవాళ్ళు పోయారు. రేపు ఏ ఆఫీసు అయినా క్యూలో నిలబడండి బాబూ అంటే ఎవరు నమ్ముతారు?

మా షీట్‌లో ఒకావిడ ఉండేది. సావో పాలో రాష్ట్రంలో ఒక చిన్న టౌన్, స్కూల్ టీచర్. ముత్తాత 1884లో వెనెతోలో పుట్టాడు. 2016 నుంచి క్యూలో ఉంది. ప్యాకేజీ కొనలేదు, ఒక్క రికార్డు వెతకడానికే మా కంపెనీకి డబ్బు కట్టింది, మిగతావన్నీ సొంతంగా చేసుకుంది. బ్రెజిల్ రికార్డుల్లో ఆయన ఇంటిపేరులో రెండు సార్లు రావాల్సిన అక్షరం ఒకసారే ఉందని కోర్టుకెళ్ళి సరిచేయించుకుంది, దానికే ఏడాదిన్నర పట్టింది. మార్చి 28 తర్వాత ఆవిడ ఫైలుకి మా దగ్గర 'క్లోజ్డ్' అని స్టేటస్ పెట్టారు.

ఇటలీ రెండు తరాలకి కుదించడానికి ఏడాది ముందు, 2024 మార్చిలో, మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్ వెళ్ళి, అక్కడి భారత సంతతివాళ్ళకి ఏడో తరం దాకా ఓసీఐ కార్డు ఇస్తామని ప్రకటించారు. ఓసీఐ పౌరసత్వం కాదు, ఓటు ఉండదు, అయినా ఏడు తరాలు! మారిషస్‌లో మన తెలుగువాళ్ళు ఉన్నారు. గోదావరి పక్కన కోరంగి రేవు నుంచి, విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ సంతతి. మరి ఏడో తరం వాడు తన మొదటి నోడ్‌ని ఎలా చూపిస్తాడు? మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి ఇమిగ్రేషన్ రిజిస్టర్లు ఉన్నాయి. అందులో పేర్లు రాసింది తెలుగు రాని గుమస్తాలు. ఊరి పేర్లు ఇంగ్లీషు చెవికి ఎలా వినిపిస్తే అలా ఉంటాయి. అక్కడిదాకా వాళ్ళు తెచ్చుకోగలరు. ఇటువైపు మన ఊళ్ళలో ఎవరు వెతికిపెడతారు? ఇటలీకి ఉన్న అంతెనాతి లాంటిది మనకి లేదు. అందుకే రేపు ఇక్కడ కూడా ప్యాకేజీలు అమ్మేవాళ్ళు పుట్టుకొస్తారని నా భయం.

మన క్లబ్బులో సగం మంది సీఎస్ఈ, ఐటీనే. ప్రతి ఏడాదీ మినీ ప్రాజెక్టుకి అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అదే ఫేస్ అటెండెన్స్. దానికి బదులు తెలుగు పేర్లు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులతో రావచ్చో పట్టుకునే మ్యాచర్ ఒకటి చెయ్యొచ్చు. వాడుకలో ఉన్న సౌండెక్స్ పద్ధతి ఇంగ్లీషు పేర్ల కోసం పుట్టింది. తెలుగు పేర్లని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. నేను మొదలుపెట్టాను, రిపో ఓపెన్‌గానే ఉంది, ఎవరైనా రావచ్చు. సాయం అనేది కొంచెమైనా ఉచితంగా ఉండాలంటే టూల్ ఉచితంగా ఉండాలి అన్నదే నా వాదన. లాయర్ ఫీజు నేను తగ్గించలేను, పదిహేడో కాలమ్‌ని మొదటికి తేగలను.

ఏప్రిల్ చివర్లో ఆ పని మానేశాను, మిడ్ ఎగ్జామ్స్ కూడా ఉన్నాయి. మానేసే ముందు ఆ టీచర్ నుంచి సపోర్ట్ ఐడీకి మెయిల్ వచ్చింది. పౌరసత్వం సంగతి వదిలేశాను, ముత్తాత పుట్టిన రికార్డు ఫొటో పెద్ద సైజులో పంపగలరా, మా నాన్నకి ఎనభై రెండేళ్ళు, ఫ్రేమ్ కట్టించి ఇస్తాను అని. హై రిజల్యూషన్ కాపీకి వేరే ఛార్జ్ ఉంటుందని కంపెనీ టెంప్లేట్ రిప్లై రెడీగా ఉంది. నేను దాన్ని వాడలేదు. ఆ రిజిస్టర్ అంతెనాతిలోనే ఉంది కాబట్టి లింకు పెట్టి, సంవత్సరం, పుట నంబరు, ఎడమవైపు కింది నుంచి రెండోది అని రాసి పంపాను.